నమూనా ప్రపోజల్

2005 ఆగస్టు 8, వేటపాలెం

ప్రిన్సిపల్ గారు స్టాఫ్ రూముకి వచ్చి, "గ్రాంటుకి ప్రపోజల్ ఎట్లా రాయాలో గుంటూరులో మూడు రోజులు నేర్పుతారట, ఎవరు పోతారు?" అని అడిగారు. అందరూ ఒక్కసారిగా జవాబుపత్రాలు దిద్దడంలో మునిగిపోయారు. మా కాలేజీలో అంత శ్రద్ధగా పేపర్లు దిద్దడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చే ఏడాది నాక్ వాళ్ళు వచ్చి కాలేజీకి గ్రేడు ఇస్తారు. మీ దగ్గర పరిశోధన ఏం జరుగుతోందని అడుగుతారు. ప్రస్తుతానికి జరుగుతున్నది ఒకటే, క్యాంటీన్ సాంబారులో పప్పు ఎక్కడుందని.

నేను పోతానన్నాను. నేర్పేది శివరామకృష్ణ మాస్టారని కాగితంలో చూశాను మరి. ఎమ్మెస్సీలో నాకు కెమిస్ట్రీ చెప్పింది ఆయనే. "గుల్షన్, నీకు ల్యాబులో చెయ్యి కుదిరింది, వదలకు" అన్నారు అప్పట్లో. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళూ పగిలిన బ్యూరెట్ల మధ్య నెట్టుకొస్తున్నాను.

పిన్నమ్మకి చెబితే, "గుంటూరుకా? వచ్చేటప్పుడు మిరపకాయలు పట్రా. ఇక్కడివి రంగే గానీ కారం లేదు" అంది.

ఆగస్టు 18, గుంటూరు

హాలు నిండా మాలాంటి వాళ్ళే. పిడుగురాళ్ళ, మాచర్ల, కందుకూరు, అన్నీ చిన్న ఊళ్ళ కాలేజీలు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీల వైపు నుంచి గాలి మళ్ళినప్పుడల్లా అందరం కలిసి తుమ్ముతున్నాం.

మాస్టారికి జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే. "ఢిల్లీలో కూర్చుని గ్రాంటు ఇచ్చేవాడికి మీ ఊరు తెలీదండీ. మీ ఊళ్ళో ఎవరికి ఎక్కడ నొప్పో చెప్పండి. మొదటి వాక్యం మీ బతుకులోంచి రావాలి. ఇంకొకరు రాయలేని వాక్యం అయ్యుండాలి" అన్నారు.

భోజనాల దగ్గర నన్ను గుర్తుపట్టారు. "అమ్మాయ్, నువ్వు ఇక్కడున్నావా?" అని నా పళ్ళెంలో ఇంకో గారె వేయించారు. నలుగురిలో. ఎంత సంతోషమేసిందో రాయాలంటే సిగ్గుగా ఉంది.

ఆగస్టు 19

రాసేశాను. లాడ్జిలో మంచం మీద కూర్చుని ఒక్క ఊపున.

ఇంగ్లీషులో రాసిన మొదటి వాక్యం తెలుగులో ఇది: "నాకు అన్నం కలిపి పెట్టిన చేతులు నల్లగా, పొలుసులు లేచి ఉండేవి."

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నమ్మ సైదాబీ. జీడిపప్పు బట్టీలో గింజలు కొట్టి పెంచింది. కాల్చిన జీడిగింజ పగిలినప్పుడు పెంకులోంచి నూనె కారుతుంది, అది తగిలిన చోట చర్మం కాలి నల్లబడుతుంది. పిన్నమ్మా వాళ్ళూ ముందు ఆముదం రాసుకుని, పైన బూడిద అద్దుకుని పనికి కూర్చుంటారు. తొడుగులు వేసుకుంటే వేళ్ళకి గింజ తెలీదు, పప్పు విరిగిపోతుంది. విరిగిన పప్పుకి ధర లేదు. కాబట్టి తొడుగులు కాదు, పూత కావాలి. ఆముదంలో ఏం కలిపితే ఆ నూనెని ఆపుతుంది, అందరికీ అందే ధరలో ఎలా తయారు చేయాలి. ఇంతే నా ప్రపోజల్.

చిన్నప్పుడు అనుకునేదాన్ని, పెద్దయ్యాక పిన్నమ్మ చేతులు బాగుచేస్తానని. పెద్దయి చాలా కాలమైంది.

ఆగస్టు 20

మాస్టారు నాది హాలంతా వినేలా చదివారు. "ఇదండీ ప్రపోజల్ అంటే" అన్నారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఫొటోలు పెట్టు, బట్టీ యజమాని అనుమతి పత్రం పెట్టు. టైపు చేయించి నాకు తెచ్చియ్యి. నేను దిద్ది ఇచ్చేదాకా మాత్రం పంపకు" అన్నారు.

మిరపకాయలు మర్చిపోయాను. పిన్నమ్మ తిడుతుంది.

సెప్టెంబరు 4

బట్టీ దగ్గర ఆడవాళ్ళు ఫొటో అనగానే చేతులు కొంగులో దాచేసుకున్నారు. జాన్‌బీ అయితే, "మా ఆయన కూడా ఇంత దగ్గరగా చూళ్ళేదు ఈ చేతుల్ని, ఢిల్లీ వోళ్ళెందుకు చూడటం" అంది. అందరూ నవ్వారు గానీ ఎవరూ చేతులు బయటికి తీయలేదు.

పిన్నమ్మే ముందుకొచ్చింది. "నాయి తియ్యవే. నన్ను చూసి వీళ్ళే తీయించుకుంటారు."

రెండు చేతులూ వెలుతురులోకి చాపి పట్టుకుంది. "గోరింటాకు పెట్టుకున్న చేతులు తీస్తారు ఎవరైనా. నీకు ఈ చేతులు దొరికినయ్యా? వీటి మీద గోరింటాకు కూడా పండి చావదు" అంది. తర్వాత జాన్‌బీ, ఆమె వెనక మిగతా వాళ్ళూ వచ్చారు.

బట్టీ యజమాని యలమందయ్య గారు అనుమతి పత్రం మీద సంతకం పెట్టడానికి చాలాసేపు ఆలోచించారు. "నువ్వు సైదాబీ పిల్లవని పెడతన్నానమ్మా. ఈ సంగతి ఊరంతా చాటింపేస్తే నా దగ్గర సరుకు కొనేవాడు ఉండడు. నాలుగు చోట్లకి పోదుగదా?" అన్నారు.

"ఢిల్లీకి తప్ప ఎక్కడికీ పోదండీ" అన్నాను. ఆడవాళ్ళందరి ముందూ అన్నాను.

సెప్టెంబరు 12

చీరాలలో డీటీపీ చేయించి, ఫ్లాపీ, కాగితాలు రెండూ గుంటూరు తీసుకెళ్ళి మాస్టారి చేతిలో పెట్టాను. "వారంలో దిద్ది ఇస్తాను" అన్నారు. ఈసారి మిరపకాయలు తెచ్చాను.

సెప్టెంబరు 26

రాలేదు. పెద్ద మనిషి, వంద పనులుంటాయి.

అక్టోబరు 10

ఫోను చేశాను. మాస్టారింటి అమ్మగారు ఎత్తి, "నరసరావుపేటలో ట్రైనింగులమ్మా, పోయిన వారం ఒంగోలు. ఇంటి పట్టున ఉంటేగా" అన్నారు. పాపం ఈ వయసులో అంత తిరుగుడు.

రంజాన్ ఉపవాసం వల్లనో ఏమో ఈ మధ్య ఊరికే చిరాకొస్తోంది. అంతే.

అక్టోబరు 19

మళ్ళీ ఫోను చేస్తే మాస్టారు "చూస్తున్నానమ్మా" అన్నారు. గడువు నెలాఖరు. ప్రిన్సిపల్ గారు రోజూ అడుగుతున్నారు, పంపించావా అని. ఆయన దిద్దకుండా పంపితే ఏమనుకుంటారు? చదువు చెప్పిన మనిషి మాట దాటి బాగుపడినవాళ్ళు లేరు.

అక్టోబరు 28

"బాగానే ఉంది, పంపెయ్" అన్నారు ఫోనులో. దిద్దుబాటు ఒక్కటి కూడా లేదు. అంటే దిద్దడానికి ఏమీ లేదన్నమాట. మంచిదేగా.

స్పీడ్ పోస్టు చేశాను. పిన్నమ్మ ఆ కవరు మీద చెయ్యి వేసి దువా చేసింది.

నవంబరు 4

పండగ. పక్కింటి పిల్లలందరికీ చేతుల నిండా గోరింటాకు. పిన్నమ్మ సేమ్యా వండుతూ, జీడిపప్పు మాత్రం నన్నే వేయమంది. జీవితమంతా జీడిపప్పు కొట్టిన మనిషి దాన్ని తినదు.

నవంబరు 24

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ మాచర్ల నుంచి ఒకమ్మాయి మా కాలేజీకి వచ్చింది. పేరు శ్రీదివ్య, అక్కడొక కాలేజీలో కొత్తగా చేరిన కెమిస్ట్రీ లెక్చరరు. ఎర్రబస్సుల్లో పొద్దుననగా బయల్దేరి వచ్చింది పాపం. "మేడమ్, నేను గ్రాంటుకి అప్లై చేశాను. ఎంపికైతే ఢిల్లీ వాళ్ళు ప్రశ్నలడుగుతారట కదా. జీడిపప్పు బట్టీ ఎట్లా ఉంటదో ఒకసారి చూద్దామని వచ్చాను. మా వైపు అన్నీ పత్తి, మిరపే" అంది.

మీ టాపిక్ ఏమిటని అడిగాను. సంచిలోంచి స్పైరల్ బైండింగు తీసింది. అట్ట మీద 'నమూనా ప్రపోజల్' అని ఉంది. నరసరావుపేట ట్రైనింగులో అందరికీ పంచారట. తెరిచాను.

"నాకు అన్నం కలిపి పెట్టిన చేతులు నల్లగా, పొలుసులు లేచి ఉండేవి."

నా పేరు లేదు. మా కాలేజీ పేరు లేదు. ఆ చోట్ల గీతలున్నాయి, పూరించుకోవడానికి. మిగిలినదంతా ఉంది, నేను పెట్టిన కామాలతో సహా. యలమందయ్య గారి అనుమతి పత్రం ఆయన సంతకంతో ఉంది. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి పిన్నమ్మ చేతులు రెండు నల్ల మరకలయ్యాయి. కింద అక్షరాలు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి. సైదాబీ, గింజలు కొట్టే పని, యలమందయ్య బట్టీ, వేటపాలెం.

"మీరు ఇదే పంపారా?"

"అవును మేడమ్. కాలేజీ పేరు రాసి పంపాను. మా బ్యాచ్‌లో చాలామంది అంతే. మోడల్ మార్చితే మార్కులు పోతయ్యి కదా."

ఆ పిల్లని ఏమనాలి? ఈ కాలేజీల్లో మనం పిల్లలకి నేర్పుతున్నదే అది. గైడులో ఉన్నది ఉన్నట్టు రాయి, సొంత తెలివి చూపించకు అని. గైడులో 'పటం 4 చూడుము' అని ఉంటే, అదీ రాసి వస్తారు మా విద్యార్థులు, పటం వేయకుండా. వాళ్ళని చూసి నవ్వుకునేదాన్ని.

టీ ఇప్పించి బస్సెక్కించాను. బట్టీకి తీసుకెళ్ళలేదు.

మాస్టారికి తెలియకుండా జరిగి ఉంటుంది. జిరాక్స్ షాపు వాడో, ట్రైనింగు ఆఫీసులో గుమాస్తానో. ఫ్లాపీ ఎవరి చేతికైనా పోవచ్చు.

నవంబరు 25

గుమాస్తాకి 'నమూనా ప్రపోజల్' అని పెద్దక్షరాలతో అట్ట వేసే పనేముంది?

నవంబరు 30

ఫోను చేయలేదు. చేస్తే ఆయన ఏదో ఒకటి చెబుతారు. ఏదీ చెప్పనంత కాలం ఆయనకి తెలియదనే లెక్క.

డిసెంబరు 9

యలమందయ్య గారికి ఉత్తరాలొచ్చాయి. ఒకటి కాదు, బొత్తి. మాకూ అనుమతి పత్రం ఇవ్వండి, మీ బట్టీలో కాలిన చేతుల మీద పరిశోధన చేయదలచాము అని, కనిగిరి దాకా ఎక్కడెక్కడి కాలేజీల నుంచో. ఆయన కనిగిరి ఎప్పుడూ చూడలేదు. కనిగిరికి ఈయన బట్టీలో కాలిన చేతులు తెలుసు.

పిన్నమ్మని పిలిచి, "నువ్వు కొన్నాళ్ళు ఇంటికాడుండు సైదాబీ, నేను కబురు పెడతాలే" అన్నారట. కేక కూడా వేయలేదట. కేకేసినా బాగుండేది, రేపు మళ్ళీ రమ్మనడానికి దారి ఉండేది.

పిన్నమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. నేను అంతా చెప్పాను, శ్రీదివ్య సంగతి కూడా. మొదటి వాక్యం అందరూ రాసుకున్నారని చెబితే, "ఇంతమందికి నేనెప్పుడు పెట్టానే అన్నం?" అంది.

నవ్వాను. నవ్వుతూనే లోపలికి పోయి ఏడ్చాను.

డిసెంబరు 12

కుళాయి దగ్గర జాన్‌బీ ఎదురైంది. నేను పలకరించేలోపే బిందె దించింది.

"ఢిల్లీకి తప్ప యాడికీ పోదన్నావుగా?"

"నేను పంచలేదు జాన్‌బీ. నా కాగితం వేరేవాళ్ళు..."

"మాకు వేరేవోళ్ళు ఎవురు తెల్సు? నిన్ను చూసి చేతులు చాపాం. ఆ ఫొటోలు ఊరూరా తిరగతన్నయ్యంట. రేపు మమ్మల్నీ ఇంటికాడ ఉండమంటాడు. నీకేమ్మా, ఒకటో తారీకు జీతం."

బిందె నిండకుండానే ఎత్తుకుని పోయింది. నన్ను మోసం చేశారని నేను ఏడుస్తున్నాను. వాళ్ళకి కనిపించే మోసగత్తెని నేనే. వాళ్ళది తప్పు లెక్క కాదు.

డిసెంబరు 17

గుంటూరు వెళ్ళి వచ్చాను.

మాస్టారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "రామ్మా గుల్షన్, నీ గురించే చెబుతున్నాను మొన్న ఒంగోలులో" అన్నారు. ఏమీ అడగకుండా తిరిగి వచ్చేద్దామా అనిపించింది. ఇది నిజం కాబట్టి రాస్తున్నాను.

అడిగాను. దాస్తారనుకున్నాను. దాచలేదు.

"నేనే పంచాను. అంత మంచిది ఇంకోటి దొరకలేదమ్మా. క్లాసులో మంచి ఆన్సర్ షీటు ఉంటే అందరికీ చదివి వినిపిస్తాం. ఆ పిల్లాడిని అడిగి చదువుతామా?"

"చదివేటప్పుడు పేరు చెబుతాం కదా సార్."

"ఓహో, పేరు కోసమా నీ బాధ?" అన్నారు, చిన్నపిల్లని బుజ్జగించినట్టు. "ఆలోచించే తీసేశాను. నీ పేరుంటే అందరూ నీకు ఫోన్లు చేసి విసిగిస్తారని. వాళ్ళు మక్కీకి మక్కీ దించుతారని నేను కలగన్నానా?"

"మరి దిద్దేదాకా పంపవద్దని నన్నెందుకు ఆపారు సార్?"

"ట్రైనింగులు మీద పడ్డాయమ్మా. తీరిక ఏది?"

అంతే. కుట్ర లేదు, పగ లేదు. నా కాగితం ఆయన పనికి పనికొచ్చింది, నేను గుర్తు రాలేదు. ఇన్ని రోజులూ ఆయనకి తెలియదని నాకు నేను చెప్పుకున్న కథలన్నిటికంటే ఇదే ఎక్కువ కోసింది.

"నా పేరు తీసేశారు, సరే. మా పిన్నమ్మ పేరు ఎందుకు ఉంచారు సార్? బట్టీ పేరు?"

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశారు.

"అది డేటా కదమ్మా."

అమ్మగారు కాఫీ తెచ్చారు. తాగాను. ఎందుకు తాగానో తెలీదు. మెట్లు దిగేటప్పుడు, "కొత్తదేమైనా రాస్తున్నావా? రాస్తే తెచ్చియ్యి, చూస్తాను" అన్నారు. "వెళ్ళొస్తాను సార్" అన్నాను. పదిహేనేళ్ళ అలవాటు నోటిది. బస్సులో చీరాల దాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

డిసెంబరు 18

డేటా.

2006 జనవరి 6

యలమందయ్య గారి ఇంటికెళ్ళాను. తప్పు నాది, పిన్నమ్మది కాదు, ఆమెని పనిలోకి పిలవండి అన్నాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "నీ మాట నమ్మి ఒకసారి సంతకం పెట్టానమ్మా" అన్నారు.

జనవరి 22

పిన్నమ్మకి పొద్దున్నే మెలకువ వస్తుంది. ఆముదం సీసా తీస్తుంది, మళ్ళీ పెట్టేస్తుంది. నేను నిద్ర నటిస్తాను.

ఫిబ్రవరి 20

ఢిల్లీ నుంచి జవాబు. ప్రిన్సిపల్ గారు స్టాఫ్ రూములో అందరి ముందూ చదివారు. ఇదే విషయం మీద, ఇవే మాటలతో అనేక కాలేజీల నుంచి ప్రపోజళ్ళు అందాయట. అన్నిటికంటే ఆఖరున అందినది మాదట. కాపీ చేసి పంపడం బోధన వృత్తిలో ఉన్నవారికి తగదట.

"మోడల్ చూసి రాసేదానివి, కాస్త మాటలన్నా మార్చకపోయావా?" అన్నారు ప్రిన్సిపల్ గారు. ఆయన దగ్గరా ఉందన్నమాట ఆ బైండింగు.

అది నాదేనని చెప్పాను. నమ్మినట్టు తల ఊపారు. ఆ తల ఊపడం నాకు తెలుసు. కాపీ కొడుతూ దొరికిన ప్రతి విద్యార్థీ "నేను సొంతంగా రాశాను మేడమ్" అంటాడు. నేనూ అలాగే తల ఊపేదాన్ని.

మార్చి 3

మాస్టారు కాలేజీకి ఫోను చేశారు. తెనాలిలో ఇంకో బ్యాచ్. "నువ్వొచ్చి అరగంట మాట్లాడు, మొదటి వాక్యం ఎట్లా పుట్టిందో చెప్పు. వాళ్ళకి ఉత్సాహంగా ఉంటుంది" అన్నారు. ప్రేమగానే అన్నారు. అందులో అబద్ధం లేదు.

"ఆ వాక్యం వల్ల మా పిన్నమ్మ పని పోయింది సార్. అది చెప్పమంటే వస్తాను" అన్నాను.

"సరేలే అమ్మా, నీకు వీలు కానట్టుంది" అని పెట్టేశారు. ఈసారి "వెళ్ళొస్తాను సార్" లాంటిదేదీ నా నోటికి రాలేదు.

మార్చి 19

పక్కవీధిలో అష్రఫ్ వాళ్ళింట్లో పెళ్ళి. పిన్నమ్మ ఒక్కతే వెళ్ళింది. బట్టీ ఆడవాళ్ళందరూ అక్కడే ఉంటారని నేను తలనొప్పి వంక పెట్టాను. ఆలస్యంగా వచ్చి, నా ఎదురుగా కూర్చుని, కొంగులోంచి రెండు చేతులూ తీసి దీపం కిందికి చాపింది.

గోరింటాకు పెట్టించుకుంది. అరచేతి నిండా, వేళ్ళ కొసలదాకా. ఎర్రగా పండింది. నల్ల పొలుసులు ఎప్పుడు రాలిపోయాయో, అడుగున ఇంత మెత్తటి చర్మం ఉందని నాకే తెలీదు. నా వయసంతా నేను ఆ చేతుల్ని నలుపులోనే చూశాను.

"జాన్‌బీనే పెట్టింది. పని లేని చేతికి బాగా పండిద్దంట" అంది.

ఏ పూతా లేకుండా తగ్గిపోయాయి. నేను ప్రపోజల్లో రాసుకున్న ఫలితం సరిగ్గా ఇదే.

"ఫొటో తీసుకోవే. ఢిల్లీకి పంపు, బాగయినయ్యని."

నేను ఆ చేతులు పట్టుకుని ఏడ్చాను. ఈసారి లోపలికి పోలేదు. పిన్నమ్మ నా తల మీద చెయ్యి వేయబోయి, ఆగి, గోరింటాకు చేతిని తనే ఒకసారి వాసన చూసుకుంది. ముచ్చటపడింది, నేను చూశాను. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, మామూలుగా అడిగింది.

"గుల్షన్, రైలుగేటు అవతల కొత్త బట్టీ పెట్టారంట. వోళ్ళకి నా పేరు తెలవదు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వడిగితే వింటారు. ఒకసారి అడిగి చూడు. మళ్ళీ నల్లబడితే నల్లబడనీ."

రేపు కాలేజీకి పోయేముందు అడుగుతానన్నాను.